మొరాయించే పాత కెమెరాతో వన్యప్రాణుల పిల్లలను ఫొటో తీయడం

వన్యప్రాణుల పిల్లలు బయటికి వచ్చి ఆడుకునేది ఎక్కువగా తెల్లవారుజామున, మళ్లీ పొద్దు వాలిన తరువాత. పాతబడిన కెమెరాకు కష్టకాలం కూడా సరిగ్గా అదే. వెలుతురు చాలక ఆటోఫోకస్ ముందుకూ వెనక్కూ తడుముకుంటుంది, చలికి బ్యాటరీ నీరసిస్తుంది, ఐఎస్‌ఓ (వెలుతురును కెమెరా ఎంతగా పసిగట్టాలో చెప్పే అంకె) పెంచితే ఫొటో నిండా గరుకుదనం వస్తుంది, చాలాసేపు కదలకుండా ఉన్న షట్టరు మొదటి నొక్కుకే బిగుసుకుపోతుంది. కాబట్టి ఇలాంటి కెమెరాతో పిల్లల ఫొటోలు తీయాలనుకునేవారు నిర్ణయాలన్నీ ముందే తీసుకుని, జంతువు కనిపించిన క్షణంలో కెమెరాకు షట్టరు తెరిచి మూసే పని ఒక్కటే మిగిలేలా చూసుకోవాలి. ఈ పద్ధతి పిల్లల క్షేమానికీ సరిపోతుంది. ముందే సిద్ధమై ఒకచోట కూర్చున్న మనిషి వాటి వెంటపడడు, దగ్గరికి పోవలసిన అవసరమూ అతనికి రాదు.

ఇక్కడ చెప్పేవి ప్రధానంగా అద్దం ఉన్న డిజిటల్ ఎస్‌ఎల్‌ఆర్ కెమెరాలను దృష్టిలో పెట్టుకుని చెప్పినవి. ఇప్పుడు పాతబడి చేతికి వస్తున్నవి ఎక్కువగా అవే.

కెమెరా జబ్బులను ఇంట్లోనే కనిపెట్టాలి

పాత కెమెరా చెప్పాపెట్టకుండా మొరాయిస్తుందని అనుకుంటాం గానీ, దాదాపు ప్రతి కెమెరాకూ మొరాయించే సందర్భాలు కొన్నే ఉంటాయి, అవే మళ్లీ మళ్లీ వస్తాయి. వాటిని ఇంట్లో తీరిగ్గా వెతికి పట్టుకోవచ్చు.

మొదట షట్టరును పరీక్షించాలి. ఒకే తీరున వెలుతురు పడే తెల్లగోడను ఎంచుకుని, అపర్చరును (లెన్సులో వెలుతురు వచ్చే రంధ్రాన్ని) పూర్తిగా తెరిచి ఉంచి, షట్టరు వేగాన్ని 1/125 సెకను నుంచి ఒక్కో మెట్టు (అంటే రెట్టింపు) పెంచుతూ, దానితోపాటు ఐఎస్‌ఓను కూడా అంతే పెంచుతూ వరుసగా ఫొటోలు తీయండి. షట్టరు సరిగా పనిచేస్తుంటే అన్నింటిలోనూ గోడ ఒకే వెలుగులో కనిపిస్తుంది. అరిగిన షట్టరైతే 1/2000, 1/4000 వంటి వేగాల దగ్గర ఒక అంచున నల్లటి పట్టీ పడుతుంది, లేదా ఫొటోలో ఒక పక్క మసకబారుతుంది. ఎక్కడ తేడా మొదలైందో గుర్తుపెట్టుకుని, దానికి ఒక మెట్టు కిందనే మీ హద్దు గీసుకోండి. పిల్లల ఆటలను పట్టుకోవడానికి 1/1000 చాలావరకు సరిపోతుంది కాబట్టి పై వేగాలు పోయినంత మాత్రాన కెమెరాను పక్కన పెట్టనక్కరలేదు. చాలా డిజిటల్ ఎస్‌ఎల్‌ఆర్‌ల షట్టర్లకు తయారీదారులు లక్ష, లక్షన్నర నొక్కులను ఆయుర్దాయంగా చెబుతారు. అది దాటిన తరువాత కూడా ఎంతోకాలం పనిచేసేవి ఉన్నాయి, అంతకు ముందే ఆగిపోయేవీ ఉన్నాయి. అందుకే ఆ లెక్క కన్నా ఈ గోడ పరీక్షనే నేను ఎక్కువగా నమ్ముతాను.

తరువాత అపర్చరు. పాత లెన్సులలో అపర్చరు రేకులు జిడ్డుబారడం, వాటిని కదిలించే తీగ దెబ్బతినడం మామూలే. అప్పుడు షట్టరు నొక్కగానే తెర మీద తప్పు సందేశం వచ్చి కెమెరా ఆగిపోతుంది. అయితే ఎస్‌ఎల్‌ఆర్ కెమెరాలో అపర్చరు మామూలుగా పూర్తిగా తెరుచుకునే ఉంటుంది, ఫొటో తీసే క్షణంలోనే మీరు ఎంచుకున్న కొలతకు మూసుకుంటుంది. అంటే లెన్సును దాని అతిపెద్ద అపర్చరు దగ్గరే, ఉదాహరణకు ఎఫ్/4 లెన్సును ఎఫ్/4 దగ్గరే (ఎఫ్ పక్కన అంకె పెరిగేకొద్దీ అపర్చరు చిన్నదవుతుంది) ఉంచితే రేకులు కదలవలసిన పనే ఉండదు, తప్పు సందేశానికి ఆస్కారమూ ఉండదు. మీ లెన్సు ఎఫ్/8 దగ్గర మొరాయించి, పూర్తిగా తెరిచినప్పుడు బాగానే తీస్తుంటే జబ్బు ఎక్కడుందో తెలిసినట్టే. తక్కువ వెలుతురులో ఎలాగూ అపర్చరు తెరిచే తీస్తాం కాబట్టి పిల్లజంతువుల ఫొటోలకు ఈ లోపం పెద్ద అడ్డంకి కాదు.

ఫోకస్ విషయంలో మాత్రం ఎక్కువ శ్రద్ధ అవసరం. ఒక స్కేలును బల్ల మీద ఏటవాలుగా నిలిపి, కెమెరాను ట్రైపాడ్ మీద బిగించి, మధ్య గీత మీద ఆటోఫోకస్ చేసి అపర్చరు పూర్తిగా తెరిచి తీయండి. అసలు స్పష్టత మధ్య గీత మీద కాక దాని ముందో వెనకో పడుతుంటే, మీ కెమెరా, లెన్సుల జోడీ ఆ మేరకు దారి తప్పుతున్నదన్నమాట. కొన్ని కెమెరాలలో దీన్ని సరిదిద్దుకునే వీలు మెనూలోనే ఉంటుంది. అది లేని కెమెరాలో లైవ్‌వ్యూ (దృశ్యాన్ని వెనుక తెర మీద చూపే పద్ధతి) ఉంటే, కదలకుండా ఉన్న జంతువును లైవ్‌వ్యూలో ఫోకస్ చేయడం మేలు. అక్కడ కెమెరా సెన్సరు మీద పడిన బొమ్మనే చూసి ఫోకస్ సరిచేసుకుంటుంది కాబట్టి ఈ తేడా రాదు. వ్యూఫైండర్ (కంటికి ఆనించి చూసే కిటికీ) ద్వారా చేసేటప్పుడు మధ్యలోని ఫోకస్ బిందువునే వాడండి. పాత కెమెరాలలో అడ్డగీతలనూ నిలువుగీతలనూ రెండింటినీ పసిగట్టగలిగేది చాలాసార్లు ఆ ఒక్క బిందువే.

మిగిలినవి త్వరగా చూసుకోవచ్చు. తిప్పితే అంకెలు ఎగిరిపోయే డయల్‌ను కావలసిన చోట నిలిపి గాఫర్ టేపు (జిగురు మిగల్చని గుడ్డ టేపు) అంటించండి. లెన్సుకూ కెమెరాకూ మధ్య ఉండే లోహపు చుక్కలను, బ్యాటరీ కొసలను, పీచు రాలని గుడ్డకు కాస్త ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడి తగిలించి తుడవండి. కారణం తెలియని తప్పు సందేశాలలో చాలావాటికి మూలం అక్కడి మురికే. కాంపాక్ట్‌ఫ్లాష్ (పాత రకపు మెమరీ) కార్డు వాడే కెమెరా అయితే లోపలి సూదులు వంగాయేమో దీపం వేసి చూడండి. ఒక్క సూది వంగినా కార్డును బలవంతంగా నెట్టడం కెమెరాకే ప్రమాదం. ఎస్‌డీ కార్డు వాడేదైతే అది ఏ రకాన్ని చదవగలదో తెలుసుకోండి. తొలినాళ్ల కెమెరాలు కొన్ని 2 జీబీ వరకు ఉన్న పాత ఎస్‌డీ కార్డులనే గుర్తిస్తాయి, ఆ తరువాతివి కొన్ని 32 జీబీ వరకు ఉండే ఎస్‌డీహెచ్‌సీ దగ్గర ఆగిపోతాయి. చివరగా, రా ఫైళ్లలో (కెమెరా కుదించకుండా దాచే ముడి ఫైళ్లలో) బటన్ నొక్కి పట్టుకుంటే ఎన్ని ఫొటోల తరువాత కెమెరా నెమ్మదిస్తుందో లెక్కపెట్టండి. ఆరో ఏడో అయితే, మైదానంలో రెండు మూడు చొప్పున విడివిడిగా తీయాలి. పిల్లలు ఒకదాని మీద ఒకటి దూకే సమయానికి బఫర్ (ఫొటోలను కార్డులోకి రాసేలోగా ఉంచుకునే జాగా) నిండి కెమెరా రాసుకుంటూ కూర్చుంటే మీరు చేయగలిగింది ఏమీ ఉండదు.

ఏ జంతువు దగ్గర, ఎంత దూరాన

పాత కెమెరాకు ఏ పిల్లలు వీలుగా ఉంటాయన్నది వాటి నడవడిని బట్టి తెలుస్తుంది. ఒకే చోటికి మళ్లీ మళ్లీ వచ్చే పిల్లలే అన్నిటికన్నా అనుకూలం. నక్కపిల్లలు దీనికి మంచి ఉదాహరణ. ఎర్రనక్క పిల్లలు పుట్టినప్పుడు కళ్లు మూసుకుని ఉంటాయి, సుమారు రెండు వారాలకు కళ్లు తెరుస్తాయి, దాదాపు నాలుగు వారాల వయసుకు బొరియ బయటికి రావడం మొదలుపెడతాయి. ఆ వయసులో వాటి బొచ్చు ముదురు గోధుమ రంగులో ఉంటుంది. నీలంగా ఉన్న కళ్లు తేనె రంగులోకి తిరుగుతుంటాయి. బయటికి వచ్చాక కూడా కొన్నాళ్లపాటు బొరియ ముందరి కొద్దిపాటి నేల మీదే తిరుగుతాయి. వేగం లేని కెమెరాకు ఇంతకన్నా ఏం కావాలి?

జింక జాతులలో చాలావాటి పిల్లలు, కుందేటి పిల్లలు దీనికి భిన్నం. తల్లి వాటిని గడ్డిలోనో పొదలోనో దాచి మేతకు పోతుంది, పాలివ్వడానికి కొద్దిసార్లే తిరిగి వస్తుంది. యూరోపియన్ కుందేలైతే తన పిల్లలకు రోజుకు ఒకసారి, పొద్దుగూకిన తరువాత పాలిస్తుంది. ఒంటరిగా ముడుచుకుని పడుకున్న అలాంటి పిల్ల కనిపిస్తే అది తల్లి వదిలేసిన పిల్ల అనుకోకూడదు, ముట్టుకోకూడదు, ఫొటో కోసం గడ్డిని పక్కకు తొలగించకూడదు. ఆ గడ్డే దాని రక్షణ. పక్కగా పోతూ దూరం నుంచి ఒకటి రెండు ఫొటోలు తీసుకుని, ఆగకుండా సాగిపోవడమే సరైన పని. మీ అడుగుల జాడ, వాసన అక్కడ ఎంత తక్కువ మిగిలితే అంత మంచిది. ఒడ్డున పడుకున్న సీలు పిల్లల దగ్గరా ఇంతే జాగ్రత్త కావాలి. మనిషిని చూసి తల్లి నీళ్లలోకి దూకితే తల్లీబిడ్డలు విడిపోయే ప్రమాదం ఉంది.

ఏనుగు గున్నలు, ఎలుగుబంటి పిల్లల విషయంలో ప్రమాదం మనకు కూడా. తల్లికీ పిల్లకూ మధ్యకు ఎప్పుడూ పోకూడదు. గున్న ఒక్కటే కనిపిస్తుంటే తల్లి ఎక్కడుందో తెలిసేదాకా కెమెరా ఎత్తకపోవడమే క్షేమం. ఎంత దూరం పాటించాలన్నది ఒక్కో రక్షిత ప్రాంతంలో ఒక్కో విధంగా ఉంటుంది. అమెరికాలోని యెల్లోస్టోన్ జాతీయ ఉద్యానంలో ఎలుగుబంట్లు, తోడేళ్ల నుంచి కనీసం 91 మీటర్లు, చాలావరకు ఇతర జంతువుల నుంచి 23 మీటర్ల దూరం ఉండాలన్నది నిబంధన. మీరు పోయే చోట నిబంధన ఏదైనా, జంతువు చెప్పే హద్దు ఒకటి ఉంటుంది. తల్లి మేయడం ఆపి మీ వైపు చెవులు నిక్కించినా, ముందుకాలితో నేలను తన్నినా, ఏనుగు చెవులు విప్పి మీకు ఎదురు నిలబడినా మీరు అప్పటికే ఎక్కువ దగ్గరికి వచ్చేశారని అర్థం.

దూరం మీ కెమెరాకూ మేలే చేస్తుంది. చాలా పాత కెమెరాలలో ఉండే ఏపీఎస్-సీ పరిమాణపు (35 మి.మీ. ఫిల్ము కన్నా చిన్నదైన) సెన్సరుతో, 300 మి.మీ. లెన్సును ఎఫ్/4 దగ్గర ఉంచి 10 మీటర్ల దూరాన ఫోకస్ చేస్తే స్పష్టంగా వచ్చే లోతు సుమారు 18 సెంటీమీటర్లే. అదే 20 మీటర్లకు జరిగితే అది సుమారు 70 సెంటీమీటర్లకు పెరుగుతుంది. ముక్కు కొసన ఫోకస్ పడి కళ్లు మసకబారే ఫొటోలు ఆ దూరంలో చాలా తగ్గిపోతాయి, ఆటోఫోకస్ కాస్త దారి తప్పినా అది లోతులో కలిసిపోతుంది. జంతువు ఫ్రేములో చిన్నదైపోతుందని దిగులు పడనక్కరలేదు. పిల్ల ఎంత చిన్నదో తెలియాలంటే దాని చుట్టూ ఉన్న గడ్డి, వేళ్లు, పక్కనే నిలబడిన తల్లి కాలు ఫ్రేములో ఉండాలి. మొహం ఒక్కటే నింపిన ఫొటోలో పసితనం సగం పోతుందని నా అభిప్రాయం. 10 మెగాపిక్సెళ్ల కెమెరా ఫొటోను ఏ4 పరిమాణంలో చక్కగా అచ్చువేసుకోవచ్చు, కానీ కత్తిరించుకోవడానికి అందులో చోటు పెద్దగా ఉండదు. కాబట్టి ఫ్రేమును అక్కడే ఆలోచించి కట్టుకోవాలి. దూరాన్ని జయించాలని టెలికన్వర్టర్ (లెన్సు పొడవును పెంచే అదనపు లెన్సు) తగిలించే ముందు ఒక లెక్క చూసుకోండి. 1.4 రెట్లది ఒక మెట్టు వెలుతురును, 2 రెట్లది రెండు మెట్ల వెలుతురును తినేస్తాయి. ఎఫ్/5.6 కన్నా చిన్న అపర్చరు దగ్గర పాత కెమెరాలు చాలావరకు ఆటోఫోకస్ చేయలేవు.

బొరియ ముందు కూర్చున్నప్పుడు

గాలి జంతువు వైపు నుంచి మీ వైపు వీచే చోటును ఎంచుకుని, పిల్లలు బయటికి వచ్చే వేళకు చాలా ముందే అక్కడ చేరి కూర్చోండి. కెమెరాను నేలకు వీలైనంత దగ్గరగా, బీన్‌బ్యాగ్ (గింజలు నింపిన సంచి) మీదనో పొట్టి ట్రైపాడ్ మీదనో ఉంచండి. పిల్ల కంటి ఎత్తులో తీసిన ఫొటోకు, పైనుంచి వంగి తీసినదానికి ఎంతో తేడా ఉంటుంది. కెమెరా బీప్ శబ్దాన్ని, ఫోకస్‌కు సాయపడే చిన్న దీపాన్ని ముందే ఆపివేయండి. ఫ్లాష్ అసలు వాడకండి.

వెలుతురు ఉండగానే బొరియ నోటి అంచున ఉన్న ఒక వేరు మీదనో రాయి మీదనో ఫోకస్ చేసి, ఆటోఫోకస్‌ను ఆపివేసి, ఫోకస్ రింగు కదలకుండా చిన్న టేపు ముక్క అంటించండి. ఇక ఆ చోటికి వచ్చిన ప్రతి పిల్లా ఫోకస్‌లోనే ఉంటుంది, చీకట్లో తడుముకునే పని కెమెరాకు తప్పుతుంది. పిల్లలు ఉన్నపళంగా బయటికి దూకవు. ముందు చీకట్లో ముక్కు కొస ఒకటి మెరుస్తుంది. గాలి పసిగట్టాక నుదురు, రెండు చెవులు కనిపిస్తాయి. ఆ తరువాత ముందుకాళ్లు అంచు మీద ఆనించి పిల్ల అక్కడే కాసేపు ఆగుతుంది. మీ ఫోకస్ వేచి ఉన్నది ఆ ఆగే చోటులోనే.

ఎక్స్‌పోజరును (ఫొటోకు అందే వెలుగు మోతాదును) కూడా మాన్యువల్‌లోనే పెట్టుకోండి. కెమెరా మీటరు ఏ దృశ్యాన్నైనా మధ్యరకపు బూడిదరంగు వెలుగుకు తేవాలని చూస్తుంది. నల్లని ఎలుగుబంటి పిల్ల ఫ్రేమును నింపితే అది బొచ్చును వెలిసిపోయేలా చేస్తుంది, మంచు మీది తెల్లని సీలు పిల్లను మురికిగా చూపిస్తుంది. నల్లదానికి మీటరు చెప్పినదానికన్నా ముప్పాతిక మెట్టు నుంచి ఒక మెట్టు తగ్గించాలి, తెల్లదానికి ఒకటి నుంచి ఒకటిన్నర మెట్టు పెంచాలి. వెలుతురు మారినప్పుడల్లా ఒక ఫొటో తీసి హిస్టోగ్రామ్ (ఫొటోలోని వెలుగునీడలను చూపే గ్రాఫు) చూసుకుంటే చాలు. పాత కెమెరా వెనుక తెర వెలుగును నమ్మకండి, అది తరచూ మోసం చేస్తుంది.

షట్టరు వేగానికి కనీస హద్దు లెన్సు పొడవును బట్టి ఉంటుంది. ఏపీఎస్-సీ కెమెరా మీద 300 మి.మీ. లెన్సును చేత్తో పట్టుకుంటే 1/500 కన్నా తగ్గకూడదు. బీన్‌బ్యాగ్ మీద ఆనించి, పిల్ల పడుకుని ఉన్నప్పుడు 1/250కి దిగవచ్చు. ఆడుకుంటుంటే 1/1000 కావాలి. ఇందుకోసం ఐఎస్‌ఓ 1600కు పోవలసి వస్తే పోండి. ఐఎస్‌ఓ తక్కువ పెట్టి చీకటిగా తీసి తరువాత కంప్యూటరులో వెలుగు పెంచడం కన్నా, ఎక్కువ ఐఎస్‌ఓతో సరైన వెలుగులో తీయడమే పాత సెన్సరులో శుభ్రమైన ఫొటోను ఇస్తుంది. గరుకుదనాన్ని తరువాత తగ్గించుకోవచ్చు గానీ, కదిలిపోయి మసకబారిన కళ్లను ఎవరూ బాగుచేయలేరు.

పాత ఎస్‌ఎల్‌ఆర్ అద్దం చప్పుడు నిశ్శబ్దంలో చాలా దూరం వినిపిస్తుంది. అందుకని మొదటి ఫొటోను ఒక్కటే తీసి ఆగండి. పిల్లల చెవులు మీ వైపు తిరుగుతాయి. అవి తిరిగి మామూలుగా పడి, పిల్లలు తమ పనిలో పడ్డాకే రెండోది తీయండి. ఒక్క నొక్కుకే అన్నీ లోపలికి పారిపోతే, మీరున్న చోటు వాటికి సరిపడలేదని అర్థం. అవి మళ్లీ బయటికి వచ్చేదాకా కాచుకోకుండా, ఆ రోజుకు మెల్లగా వెనక్కి వచ్చేయండి. మీరంటే భయంతో పిల్లలు లోపలే ఉండిపోయినా, తల్లి దగ్గరికి రాలేకపోయినా పాలు తాగే వేళ తప్పిపోతుంది.

మొరాయించినప్పుడు

బ్యాటరీలు కనీసం రెండు ఉండాలి. వాడనిదాన్ని ఒంటికి తగిలేలా లోపలి జేబులో పెట్టుకోండి. ముసలి లిథియం-అయాన్ బ్యాటరీ నిండుగా ఉన్నట్టు చూపిస్తూనే ఒక్కసారిగా పడిపోతుంది కాబట్టి సూచికను నమ్మకుండా, పిల్లలు వచ్చే వేళకు కాస్త ముందే తాజాది వేసుకోండి. చలికి పడిపోయినదాన్ని వెచ్చగా ఉంచితే మళ్లీ కొంతసేపు పనిచేస్తుంది.

షట్టరు బిగుసుకుపోయే అలవాటున్న కెమెరాకు, జంతువు రాకముందే నేల వైపు తిప్పి అయిదారు ఫొటోలు తీస్తే కదలిక సాఫీ అవుతుంది. తప్పు సందేశం వస్తే గాభరాపడి బటన్లన్నీ నొక్కకండి. కెమెరా ఆపి, బ్యాటరీ తీసి, కొద్దిసేపు ఆగి, మళ్లీ పెట్టండి. లోపలి గడియారపు బ్యాటరీ చచ్చిపోయిన కెమెరా అప్పుడు తేదీ అడుగుతుంది. దానికి అక్కడ జవాబు వెతకకుండా దాటేసి, తేదీని చిన్న పుస్తకంలో రాసుకోండి. అప్పటికీ లేవకపోతే లెన్సు విప్పి, తుడిచి, తగిలించి చూడవచ్చు. అయితే ఆ కదలిక పిల్లలకు కనిపిస్తుంది, కాబట్టి అవి బయట ఉండగా ఆ పని చేయకూడదు. కెమెరాను ఒడిలో పెట్టుకుని కళ్లతో చూడండి. ఏ పిల్ల ముందు బయటికి వస్తోంది, ఏ వేళకు తల్లి తిరిగి వస్తోంది, ఎండ బొరియ మీద ఎప్పుడు పడుతోంది అన్నవి ఆ సమయంలో తెలిసినంత బాగా వ్యూఫైండర్‌లో నుంచి తెలియవు. తరువాతిసారి కెమెరాను ఎక్కడ పెట్టాలో ఆ చూపే నిర్ణయిస్తుంది.

చలిలోంచి వెచ్చని గదిలోకి వచ్చేటప్పుడు, కెమెరాను బయటనే గాలి చొరని సంచిలో పెట్టి మూసి, గది వేడికి వచ్చేదాకా తెరవకండి. లేకపోతే లోపల చెమ్మ పట్టి, ఇప్పటికే నీరసించిన తీగలను, లెన్సు అద్దాలను పాడుచేస్తుంది. కార్డును మాత్రం సంచి మూసే ముందే బయటికి తీసుకోండి.

ఫొటోలను ఇతరులకు చూపేటప్పుడు బొరియ ఉన్న చోటు బయటపడకుండా చూసుకోవాలి. పాత కెమెరాలలో చాలావాటికి జీపీఎస్ లేదు కాబట్టి వాటి ఫైళ్లలో ఆ ఆచూకీ ఉండదు. అదే చోట ఫోనుతో తీసిన ఫొటోలో మాత్రం ఉండవచ్చు, కాబట్టి దాన్ని తొలగించాకే పంపండి. వెనుక కనిపించే గుర్తుపట్టదగిన కొండ, వంతెన, దారిఫలకం వంటివి ఉంటే పిల్లలు పెరిగి ఆ బొరియను వదిలిపోయేదాకా ఆ ఫొటోను బయటపెట్టకండి.